చిక్కుడు మడికి దిష్టికొయ్య

"అత్తమ్మా, మైనాలొచ్చి మొలకలు పీకేశాయి" అన్నాడు సుబ్రమణి శుక్రవారం పొద్దున్నే, చల్లారిపోతున్న టీ ముందు కూర్చుని.

అత్తగారు అమ్మణికి ఎడమ చెవి మూసుకుపోయి చాలా కాలమైంది. కుడి చెవి తనకు నచ్చినవే వింటుంది. ఆ పూట దానికి వేరే మాట నచ్చింది.

"మేనమామలొచ్చారా? ఎప్పుడొచ్చారు? నాకు చెప్పలే?"

"మేనమామలు కాదు అత్తమ్మా, మైనాలు. ఎగిరేవి."

"ఎగరకేం చేస్తారు, నీకు మడి ఇచ్చారని తెలిసింది కదా. రాకీరాకీలో ఉన్న పెద్ద మామ చెయ్యి ఊరికే ఉండదని మీ అమ్మ అనేది. నిజమే."

వంటింట్లోంచి కామిని నవ్వు వినిపించింది. "వదిలెయ్యండి. అమ్మతో వాదిస్తే మీ మామలు మధ్యాహ్నం భోజనానికి కూడా వచ్చేస్తారు" అంది మొగుడితో.

అమ్మణి మాత్రం వదల్లేదు. "చుట్టాల కళ్ళు పడితే చెట్టు మాడుద్ది. దిష్టికొయ్య పాతాల. మా అమ్మ గిర్మిట్ కూలీగా చెరకుతోట లైన్లో ఉన్నప్పుడు పాతేది. వెదురు, కొబ్బరాకు, నల్లగుడ్డ. నువ్వు వెదురు తే, ఆకు నేను అల్లిస్తా."

మామలకైనా మైనాలకైనా మందు ఒకటే అయినప్పుడు రోగం పేరెందుకని సుబ్రమణి సరేనన్నాడు.

అతనికి మొలకల మీద అంత బెంగ ఊరికే రాలేదు. సుబ్రమణి ఫిజీ రాజధాని సువాలో ఒక బీమా ఆఫీసులో హెడ్ క్లర్కు. రోజూ నౌసోరి నుంచి బస్సులో వెళ్ళి, మనుషుల ప్రాణాలకు బీమా రాసి, బస్సులో తిరిగొచ్చేవాడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడెనిమిదేళ్ళయినా కొత్త జెండా రంగు ఇంకా వెలవని రోజులవి. తెలుగువాళ్ళ సంఘానికి కార్యదర్శి అయిన విజేంద్ర ఒక సభలో లేచి, "సొంత జెండా వచ్చింది. సొంత వంకాయ వద్దా?" అని అడిగాడు, హిందీలో; సంఘంలో తెలుగు మిగిలిన ఇళ్ళు తక్కువ. చప్పట్లు కొట్టినవాళ్ళందరికీ తలా ఒక కూరగాయల మడి అంటగట్టాడు. సుబ్రమణి అందరికంటే గట్టిగా కొట్టాడు.

నేల సంఘానిది కాదు. వాగు అవతల ఉన్న ఫిజియన్ గ్రామానిది. ఆ ఊరి పెద్ద ఇలైసా కాగితాలేవీ రాయలేదు, మాట ఇచ్చాడు. "ఏడాది చేసుకోండి. ఏడాది తిరిగాక వచ్చి చూస్తాను. నేలలో తిండి కనిపిస్తే ఉండండి. గడ్డి కనిపిస్తే నేల నాకు వదిలెయ్యండి" అన్నాడు. ఆ ఏడాది శనివారంతో తిరుగుతుంది. కాలినొప్పికి మందు కోసం సువాలో కూతురి దగ్గరికి వెళ్ళిన పెద్దాయన, శనివారం మధ్యాహ్నం బస్సు దిగి మడుల మీదుగానే ఇంటికి వస్తానని కబురు పంపాడు.

రోడ్డు నుంచి వాగు దాకా వరసగా పన్నెండు మడులు. పదకొండు పచ్చగా ఉన్నాయి. వాగు మీది దుంగ వంతెనను ఆనుకుని ఉన్న చివరిది సుబ్రమణిది.

"ఆయన ఇంటికి పోతూ చివర చూసేది నీ మడే" అని విజేంద్ర హెచ్చరించి ఉన్నాడు. "విందులో చివరి ముద్దలో రాయి తగిలితే ముందు తిన్న పాయసం ఎవరికి గుర్తుంటుంది? నీ మడి చూసి ఆయన మూతి తిప్పితే, పన్నెండు కుటుంబాలు మడులు మడిచి చంకలో పెట్టుకోవాల్సిందే."

సుబ్రమణి లోపం లేకుండా కష్టపడ్డాడు. అదే లోపం. కూరగాయల సంగతి దేవుడెరుగు, మొదటి నెలలోనే చేతులకు గాయాలు కాశాయి. అత్తగారు ఎరువు తెమ్మంటే, ఎరువంటే అరువని పక్కింటికి వెళ్ళి పలుగు, పార, తోపుడుబండి ఎరువు తెచ్చాడు. పోపుల డబ్బాలోంచి వేయించిన మినుములు తీసి నాటాడు. తన మడిలో ఎవరూ వెయ్యకుండానే ఏపుగా వచ్చిన మొక్కకు నెలరోజులు కర్ర ఊతమిచ్చి, నీళ్ళు పోసి, పేరుపెట్టి పలకరించాక, అది కలుపు అని పక్క మడి లచ్మన్ చెప్పాడు. పేరులోనే కలుపు ఉంది కదా, కలుపుకుపోతే తప్పేమిటనిపించింది సుబ్రమణికి. చివరికి చిక్కుడు గింజలు మొలిచాయి. మొలిచిన చిక్కుడు మైనాలకు చిక్కింది. ఒక మూల గుప్పెడు మొలకలు మాత్రం మిగిలాయి. ఆ గుప్పెట్లోనే ఇప్పుడు పన్నెండు కుటుంబాల మడులూ ఉన్నాయి.

శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూనే వెదురు భుజాన వేసుకుని వెళ్ళాడు. అప్పటికి మిగతా మడులవాళ్ళు ఇళ్ళకు పోయారు. అమ్మణి కొబ్బరాకులను జడలా అల్లి ఇచ్చింది. నల్లగుడ్డ పాత గొడుగులోంచి చింపి ఇచ్చింది. మొలకల మూల, వంతెన పక్కనే వెదురు పాతి, తలకు ఆకులు చుట్టి, నల్లగుడ్డ కట్టాడు. ఇంకా కొంత ఆకు మిగిలితే పారేయడమెందుకని, కొయ్య నుంచి ఎదుటి జామచెట్టుకు తోరణంలా లాగి కట్టాడు. అది సరిగ్గా వంతెన దారికి అడ్డంగా వచ్చింది. వంగి వెళ్ళొచ్చులే అనుకున్నాడు. ఏడాది కాలంలో మొదటిసారిగా తను చేసిన పని ఒకటి నిటారుగా నిలబడింది. తృప్తిగా ఇంటికి పోయి పడుకున్నాడు.

శనివారం పొద్దున నీళ్ళ డబ్బా పట్టుకుని వెళ్ళేసరికి మైనాలు లేవు. మొలకలు ఉన్నాయి. సుబ్రమణికి ఎగిరి గంతేయాలనిపించింది. వేశాడు కూడా. వేసి కిందికి దిగాక, వంతెన మీద మనుషులు కూడా లేరని తెలిసింది.

మామూలుగా ఆ వేళకి వాగు అవతలి నుంచి ఆడవాళ్ళు గంపల్లో చేమదుంపలు పెట్టుకుని వంతెన దాటి నౌసోరి మార్కెట్‌కు పోతుంటారు. ఆ రోజు గంపలన్నీ అవతలి గట్టు మీద దించి ఉన్నాయి. వాటి వెనక ఆడవాళ్ళు నేల మీద కూర్చుని ఉన్నారు. రోజూ "బులా, సుబ్రా" అని వాగు దద్దరిల్లేలా పలకరించే ఆ ఊరి మనిషి సేరు, టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"బులా, సేరూ" అన్నాడు సుబ్రమణి.

సేరు తల వంచాడు. "ఇసా" అన్నాడు మెల్లగా. ఫిజియన్లు బాధ కలిగినప్పుడు అనే మాట అది.

సుబ్రమణి వంతెన వైపు రెండడుగులు వేశాడు. అవతల కూర్చున్నవాళ్ళందరూ ఒక్కసారిగా చేతులెత్తి వద్దన్నారు. గంతేసినందుకే కోపమొచ్చిందేమోనని వెనక్కి తగ్గాడు.

రోడ్డు వైపు నుంచి లచ్మన్ వచ్చాడు. మామూలుగా వంకాయకు పురుగు పడితే రేవా నది అవతలికి వినిపించేలా తిట్టే మనిషి, ఆ పూట పిల్లిలా నడిచి వచ్చి చెవిలో చెప్పాడు.

"భయ్యా, ఇలైసా గుజర్ గయా. పెద్దాయన పోయాడు."

సుబ్రమణి చేతిలో నీళ్ళ డబ్బా ఒరిగింది. "ఎప్పుడు? ఎవరు చెప్పారు?"

"ఎవరైనా చెప్పాలా? నీ మడిలోనే ఉంది కదా, కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా? కొబ్బరాకు చుట్టిన కొయ్య, నల్లగుడ్డ. పెద్ద మనిషి పోతే వీళ్ళు ఆయన నేల మీద అది పాతుతారు. తాబూ అంటారు. ఇక ఆ నేల తొక్కకూడదు, ఆ దారి దాటకూడదు, అక్కడ ఆకు తెంపకూడదు. ముసలాయన సువాలో పోయుంటాడు. ఆయన తాలూకు వాళ్ళెవరో వచ్చి పాతి వెళ్ళారు. చూడు, వంతెన కూడా కట్టేశారు."

సుబ్రమణి కొయ్య పక్కనే కొయ్యబారిపోయాడు. ఎన్ని పాలసీలు రాసినా ఇంతవరకు ఒక్క మనిషిని కూడా చంపలేదు. ఇప్పుడు ఒక పాత గొడుగుతో చంపేశాడు.

"లచ్మన్ భాయ్, ఆ కొయ్య..." అని మొదలుపెట్టేలోపే సైకిల్ దిగి విజేంద్ర పరుగెత్తుకొచ్చాడు. సంగతి అతనికి దారిలోనే తెలిసింది. సువాకు ఫోన్ చేద్దామని దుకాణానికి వెళ్తే, రాత్రి వానకు లైను పోయిందట.

"మాట ఇచ్చినవాడు పోతే ఇక మాట ఎవరిది?" అన్నాడు విజేంద్ర చెమట తుడుచుకుంటూ. "రేపు కొత్త పెద్ద ఎవరొస్తారో, మన ముఖాలు ఆయనకు తెలుసో లేదో. ఇవాళ మనం ఎలా నడుచుకుంటామో ఊరంతా చూస్తుంది. చావింటికి ఉత్త చేతులతో పోకూడదు. వాళ్ళ పద్ధతిలో చాపలు కావాలి, నలిపి తాగే యంగోనా వేరు కావాలి. జనం చాలామంది వస్తారు, వంటకు కూరలు కావాలి. అందరూ మడులు ఖాళీ చెయ్యండి."

"అన్నీనా?" అంది ఇంకో మడి ప్రేమ్‌వతి. ఆమె వంకాయలు ఆ ఏడు మార్కెట్‌లో కూడా లేనంత నిగనిగలాడుతున్నాయి. పెద్దాయన చూడాలని వారంరోజులుగా ఒక్కటి కూడా కొయ్యలేదు.

"అన్నీ. చూడాల్సినవాడే పోయాడు, ఇక ఎవరికి చూపించడానికి?"

ప్రేమ్‌వతి కొంగుతో కళ్ళొత్తుకుని కొడవలి తీసుకుంది. వంగి వంగ కోసింది, బీర తెంపింది. లచ్మన్ ముల్లంగి పీకాడు. బండి మీద బండి నిండింది. సుబ్రమణి విజేంద్ర వెనకాలే తిరిగాడు.

"విజేంద్ర భాయ్, ఒక్క మాట. ఆ కొయ్య గురించి."

"ముట్టుకున్నావా?"

"ముట్టుకోవడం కాదు, అసలు దాన్ని..."

"ముట్టుకోకు. తాబూ మీద చెయ్యి వేస్తే పొట్ట ఉబ్బుతుందట, లచ్మన్ చెప్పాడు. నీ మడి జోలికి కూడా ఎవరూ పోవద్దన్నాను. నీ మొలకలు నీకే ఉంటాయిలే, దిగులు పడకు."

సుబ్రమణి పొట్ట తడుముకున్నాడు. పొద్దున తిన్న రోటీ అక్కడే ఉంది. కాస్త పెద్దదైనట్టు తోచింది.

కొయ్య పీకేద్దామంటే అవతలి గట్టున ఊరు ఊరంతా దాని మీదే చూపు నిలిపి కూర్చుంది. వాళ్ళ కళ్ళ ముందే పీకితే చచ్చినవాణ్ణి అవమానించినట్టు. ఉన్నది చెబుదామంటే బతికున్నవాణ్ణి చంపి ఊరంతటినీ ఏడిపించినట్టు. ఏమీ చెప్పకుండా ఊరుకుందామంటే, చచ్చినవాడు మధ్యాహ్నం బస్సులో వస్తున్నాడు. మూడు దారులూ వాగులోకే పోతున్నాయి. పైగా క్షణానికొక మడి బోడి అవుతోంది. పార పట్టుకుని పారిపోవడం ఒక్కటే మిగిలింది, ఆ పార కూడా ఎరువుదే.

ఎండ నెత్తిమీదికి వచ్చే వేళకు కామిని అన్నం డబ్బా పట్టుకుని, తల్లిని నడిపించుకుంటూ వచ్చింది. పదకొండు మడులు గొరిగినట్టు ఉన్నాయి. గట్టు మీద కూరల గుట్ట, చాపల చుట్టలు, దిగులు ముఖాలు. అమ్మణి కళ్ళు మాత్రం తిన్నగా కొయ్య మీదికి పోయాయి. ముసలావిడ ముఖం విప్పారింది.

"చూశావా, ఎంత బాగా నిలబడిందో నా కొయ్య. ఆకు నేనే అల్లినా. గుడ్డ నా గొడుగుదే. ఇంక ఏ మామ వస్తాడో రానీ" అంది, చెవిటివాళ్ళకు తగిన గొంతుతో, స్వచ్ఛమైన తెలుగులో.

అవతల సేరు నోరు తెరిచి చూశాడు. పెద్దావిడ ఏమంటోందని హిందీలో అడిగాడు. అందరూ విజేంద్ర వైపు తిరిగారు, తెలుగు సంఘం కార్యదర్శి కదా. విజేంద్రకు వచ్చిన తెలుగు నమస్కారంతో మొదలై ధన్యవాదాలతో ముగుస్తుంది, మధ్యలో ఏమీ ఉండదు. అయినా పదవికి మర్యాద ఇవ్వాలి కనుక గొంతు సవరించుకున్నాడు.

"అమ్మగారు చాలా కుమిలిపోతున్నారు. పెద్దాయన తమకు సొంత మామలాంటివారని అంటున్నారు" అన్నాడు హిందీలో.

అవతలి గట్టు మీద ఆడవాళ్ళు "ఇసా, ఇసా" అని కన్నీళ్ళు పెట్టుకున్నారు. తన కొయ్యకు ఇంత గౌరవం దక్కినందుకు అమ్మణి వాళ్ళకు చేతులెత్తి దణ్ణం పెట్టింది. వాళ్ళు ఇంకా ఏడ్చారు.

ఆ గుంపులో తెలుగు, హిందీ రెండూ అర్థమైనవాళ్ళు భార్యాభర్తలు ఇద్దరే. కామిని మొగుణ్ణి జామచెట్టు చాటుకు లాగింది.

"ఇదంతా మీ కొయ్య వల్లేనా?"

"నా కొయ్యే."

"మీకు ఎప్పుడు తెలిసింది?"

"ముల్లంగి పీకకముందే."

"ప్రేమ్‌వతి వంకాయలు కోసేటప్పుడు నోట్లో ఏముంది?"

"చెప్పబోయాను. చెప్పనివ్వలేదు."

"ఆయన బస్సు దిగి ఈ జనాన్ని చూస్తే గుండె ఆగుతుంది. అప్పుడు మీ కొయ్య నిజమే అవుతుంది. వెళ్ళి చెప్పండి. లేకపోతే అమ్మకి సంగతంతా నేను చెప్తాను, అమ్మ ఊరంతటికీ చెప్తుంది."

సుబ్రమణి గట్టెక్కాడు. "అందరూ వినండి. ఇలైసా చనిపోలేదు" అన్నాడు హిందీలో.

విజేంద్ర వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "బాగా చెప్పావు. అలాంటివాళ్ళకు చావేమిటి? మన గుండెల్లో బతికే ఉంటారు" అన్నాడు. అందరూ తలలూపారు. లచ్మన్ ముక్కు చీదాడు.

"అలా కాదు. నిజంగానే బతికున్నారు. బస్సులో వస్తున్నారు."

"పాపం, తట్టుకోలేకపోతున్నాడు" అంది ప్రేమ్‌వతి. "నీడలో కూర్చోబెట్టండి."

ఇద్దరు మనుషులు సుబ్రమణిని నీడకు లాక్కుపోతుండగానే రోడ్డు మీద బస్సు ఆగింది.

ఇలైసా దిగాడు. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో కూతురు కట్టిచ్చిన చేపల పొట్లం. మందు పనిచేసినట్టుంది, నడక చురుగ్గా ఉంది. మడుల మధ్యగా నడుస్తూ అటూ ఇటూ చూశాడు. ఒక మడి ఖాళీ. రెండోది ఖాళీ. నడిచిన కొద్దీ ఆయన కనుబొమలు దగ్గరయ్యాయి. గట్టు దగ్గరికి వచ్చేసరికి తన ఊరంతా వాగు అవతల నేల మీద కూర్చుని ఉంది. ఇవతల చాపలు, యంగోనా, కూరల కొండ. ఆయన టోపీ తీశాడు.

"కౌన్ మర్ గయా? ఎవరు పోయారు?" అని అడిగాడు.

సేరే ధైర్యం చేశాడు. "నువ్వే."

"ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం అనుకుంటా."

ఇలైసా కాసేపు గుర్తు చేసుకున్నాడు. "నిన్న సాయంత్రం చేప తిన్నాను. ముల్లు కూడా దిగలేదు" అన్నాడు.

అవతల ఒక ముసలావిడ కళ్ళు తిరిగి పక్కనున్న గంపలో పడింది. ఇలైసా కర్ర ఎత్తి కొయ్యను చూపించాడు. "నా నేల మీద, నా అనుమతి లేకుండా, నా చావు కొయ్య పాతింది ఎవరు?"

ఈసారి సుబ్రమణిని ఎవరూ ఆపలేదు. తనను పట్టుకున్నవాళ్ళను విడిపించుకుని వెళ్ళి పెద్దాయన ముందు నిలబడ్డాడు.

"నేను. తాబూ అని తెలియదు. మా మొలకల్ని మైనాలు పీకేశాయి. అత్తమ్మకు చెప్తే మైనాలు అన్న మాట మేనమామలని వినిపించింది. మామల దిష్టి పోవాలని ఈ కొయ్య చేయించింది. నేను పాతాను. మిగిలిన ఆకు పారేయడం ఇష్టంలేక దారికి అడ్డంగా కట్టాను. తప్పు నాది. మిగతావాళ్ళకు ఏమీ తెలియదు. మీరు పోయారని మీ కోసమే కూరలన్నీ కోసేశారు. గడ్డి పెంచింది నేనొక్కణ్ణే. తీసుకుంటే నా మడి తీసుకోండి, వాళ్ళవి ఉంచండి."

అదంతా హిందీలో అన్నాడు. సేరు ఫిజియన్‌లోకి మార్చి అవతలికి అరిచాడు. అమ్మణి ఏమిటేమిటని పోరుతుంటే కామిని తెలుగులోకి మార్చి కుడి చెవిలో అరిచింది. విజేంద్రకు ఇప్పుడే తెలుగు అర్థమైనట్టు ముఖం పాలిపోయింది. మూడు భాషల్లో సంగతి అందరికీ అందేసరికి కొంత సమయం పట్టింది. అంతసేపూ పన్నెండు కుటుంబాలు ఇలైసా ముఖం చూస్తూ నిలబడ్డాయి.

ఇలైసా నడిచి వెళ్ళి చివరి మడి ముందు వంగాడు. కొయ్య కింద గుప్పెడు చిక్కుడు మొలకలు తలలెత్తి ఉన్నాయి.

"నేలలో తిండి ఉండాలన్నాను" అన్నాడు. "ఇక్కడ ఒక్కచోటే ఉంది."

ప్రేమ్‌వతి గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది.

పెద్దాయన కూరల కుప్ప వైపు తిరిగి ఒక వంకాయ తీసి, బరువు చూసి, నిగనిగలాడే దాని మీద తన ముఖం చూసుకున్నాడు. "మిగతా నేల నా కోసం ఖాళీ అయింది. నా చావుకి ఇన్ని కూరలు వస్తాయని తెలిస్తే నిరుడే పోయేవాణ్ణి. చచ్చాక వడ్డించే విందు ఎవరికీ తినే భాగ్యం ఉండదు. నాకొచ్చింది. వండండి. మళ్ళీ వేసుకోండి, మళ్ళీ ఏడాదికి వస్తాను."

అవతలి గట్టు మీద మొదట సేరు నవ్వాడు, తరువాత గంపలోంచి లేచిన ముసలావిడ నవ్వింది, ఆ తరువాత ఎవరు ఎవర్ని చూసి నవ్వుతున్నారో తెలియలేదు. లచ్మన్ పాత గొంతు తిరిగొచ్చింది. "పొట్ట ఉబ్బిందా భయ్యా?" అని అరిచాడు. విందు అయ్యాక అందరికీ ఉబ్బుతుందిలే అన్నాడు సుబ్రమణి. కొయ్య పీకడానికి రెండు చేతులూ చాపాడు.

"ఆగు" అన్నాడు ఇలైసా.

సుబ్రమణి చేతులు గాలిలో ఆగాయి.

"పాతింది ఎవరైనా తాబూ తాబూయే. యంగోనా పెట్టి పద్ధతిగా దించాలి. దారికి అడ్డం కట్టింది ఇవాళ దించుతాను, ఆడవాళ్ళు మార్కెట్‌కు పోవాలి. మడి మీద ఉన్నది మాత్రం చిక్కుడు కాసేదాకా అలాగే ఉంటుంది. అందాకా అందులో ఎవరూ కాలు పెట్టకూడదు, చెయ్యి పెట్టకూడదు. నువ్వు కూడా."

అమ్మణి కూతురి చెయ్యి గుంజింది. "పెద్దాయన ఏమన్నాడు?"

కామిని కుడి చెవిలో గట్టిగా చెప్పింది. "చిక్కుడు కాసేదాకా నీ అల్లుణ్ణి మడిలో అడుగు పెట్టొద్దన్నారు."

ఈసారి ఆ చెవికి ఒక్క అక్షరం కూడా తప్పిపోలేదు.

"అయితే కాస్తుంది" అంది అమ్మణి.